మాటలకు జల్లెడ పట్టిన మనిషి

పిల్లలు ఫోన్లలో ఆడే ఆటలతో నాకు పేచీ లేదు. ఒక్క ఆటతో ఉంది. మొన్న మంచిర్యాల బస్టాండులో కూర్చుంటే పక్కన ఇద్దరు కాలేజీ ఆడపిల్లలు ఒకే ఫోన్ మీదికి వంగి ఆ ఆటే ఆడుతున్నారు. ఇంగ్లీషు మాట కావాలి. ఐదక్షరాలుండాలి. లోపల ఎక్కడో ఒక ఏ, ఒక ఆర్ ఉండాలి. ఒకామె ఏదో చెప్తే గడులు రంగు మారాయి. రెండో ఆమె కాదు కాదంది. ఇద్దరూ నవ్వుకున్నారు. నేను లేచి వెళ్లి ఎండలో నిలబడ్డాను.

ఆ పిల్లల తప్పేం లేదు. వాళ్లది ఆట. నాకు తెలిసిన ఒక మనిషి అదే పనిని ఆట అనుకోకుండా చేశాడు, కన్నబిడ్డ మీద చేశాడు. పోయిన వానాకాలం ఆయన చనిపోయాడు. చర్చిలో అందరూ ఆయన గురించి మంచే చెప్పారు. ఆ మాట అననిది ఇద్దరమే, ఆయన బిడ్డ, నేను. అందుకని ఇప్పుడు రాస్తున్నాను. నేను అక్షరాలు దిద్దింది యాభై దాటాక, చర్చి వెనుక గదిలో సాయంత్రం బడిలో. నా రాత నిదానం. మర్యాద కోసం మెత్తటి మాటలు వెతుక్కునే ఓపిక నాకు లేదు.

నస్పూర్ దగ్గర బొగ్గు జల్లెడ పట్టే ప్లాంటులో ఆయనా నేనూ పనిచేశాం. బాయిలోంచి, అంటే గనిలోంచి, వచ్చిన బొగ్గు అక్కడ ఇనుప జల్లెడల మీద పడుతుంది. పెద్ద బొగ్గు పైదాని మీద ఆగుతుంది, నడిమి బొగ్గు నడిమిదాని మీద ఆగుతుంది, చూర, అంటే పొడి, అడుగుకు పోతుంది. ఏ సైజు తొట్టి ఆ సైజుదే. ఆయన పని జల్లెడల దగ్గర. నాది బెల్టు పక్కన నిలబడి బొగ్గుతో కలిసి వచ్చే రాళ్లు ఏరడం. నా పెనిమిటి బాయిలో పోతే నాకు ఇచ్చిన పని అది.

అక్కడి చప్పుడు ఎట్లుండేదంటే, పక్కమనిషి చెవిలో నోరు పెట్టి అరిచినా మాట అందేది కాదు. అందుకని మా అందరిదీ చేతుల భాష. పిడికిలి ఎత్తితే బెల్టు ఆపమని. అరచెయ్యి గుండ్రంగా తిప్పితే నడిపించమని. బొటనవేలు పెదవుల దగ్గర పెడితే చాయ్ వచ్చిందని. ఒకసారి నా కొంగు రోలరులో చిక్కుకుంటే అంత దూరంలోంచి చూసి పిడికిలి ఎత్తింది ఆయనే. బెల్టు ఆగింది, నేను మిగిలాను. ఇది ముందే చెప్తున్నాను. మేలు దాచిపెట్టి తిడుతోందని రేపు ఎవరూ అనకూడదు.

ఆయన ఏడో తరగతి దాకా చదివాడు. మాలో అది ఎక్కువే. ఒకరోజు ఆఫీసర్ల క్లబ్బులో కుర్చీలు మోసే పని పడి వెళ్లాడు. అక్కడ ఇద్దరు సార్లు ఇంగ్లీషు పేపరు ముందేసుకుని గడులు నింపుతున్నారట. ఐదక్షరాలు, నడుమ ఏ, అని ఒకాయన అడగడం, ఇంకొకాయన సిగరెట్ తీయకుండానే జవాబు చెప్పడం. అది ఈయన తలకెక్కింది. మరునాడు చాయ్ తాగుతూ, ప్లాంటుకు దూరంగా, మాట వినబడేచోట నాతో అన్నాడు.

"చెల్లె, ఇంగ్లీషంటె మనం ఉత్తగనే పరేషానయినం. మొత్తం ఇరువై ఆరు అక్షరాలే. మాటలన్ని సైజుల లెక్కనే ఉంటయి. సైజు పట్టి ఏరుకుంటె అయిపాయె."

"ఏరుకొని ఏం జేస్తవే అన్నా?"

"నా బిడ్డను గా క్లబ్బుల కుర్సీ మీద కూసోబెడ్త."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. అన్నేళ్లు జల్లెడ ముందు నిలబడిన మనిషికి భాష కూడా బొగ్గులాగే కనబడింది. పైనుంచి పోస్తే సైజుల వారీగా విడిపోతుంది, తొట్లు నిండితే వ్యాగన్ కదిలి వెళ్లిపోతుంది. ఆయన లెక్క అంతే.

డిక్షనరీ కొన్నాడు. సుద్దముక్కలు కొన్నాడు. కంపెనీ ఇచ్చిన క్వార్టరులో గోడలన్నీ రాయడం మొదలుపెట్టాడు, అన్నీ పెద్దక్షరాలే. నాలుగక్షరాల మాటలకు వంటింటి గోడ. ఐదక్షరాల వాటికి ముందు గది. ఆరక్షరాల వాటికి పడకగది. ఏడు, ఎనిమిది ఉంటే తలుపుల మీద. అంతకు మించితే, అవి ఆఫీసర్ల సరుకు, మనకు తర్వాత అనేవాడు. ఒకటి, రెండు, మూడు అక్షరాల మాటలకు మాత్రం గోడే ఇవ్వలేదు. అవి చూర అన్నాడు. చూరను ఎవడు కొంటాడు అన్నాడు. నేను, నా, ఉంది, లేదు, కోసం, మరి లాంటివి ఇంగ్లీషులో చాలావరకు అంత చిన్నగానే ఉంటాయట. మాటను మాటతో అతికేవే అవట. అది నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. ఆయనకు తెలియనే లేదు.

ఆయన భార్య ఆదిలాబాద్ దిక్కు నుంచి వచ్చిన మనిషి. మాటలో మరాఠీ యాస, నోట్లో ఎప్పుడూ ఒక చమత్కారం. నేను వెళితే గోడలు చూపించి చెప్పింది. "సూడు వదినె, ఉప్పు, బియ్యం వంటింట్ల వెట్టిండు మీ అన్న. చక్కెర, నీళ్లు ముందటి అర్రల వెట్టిండు. చాయ్ కైతె ఇంట్ల జాగనే లేదు, మూడే అక్షరాలట." ఇద్దరం కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వాం. అప్పట్లో అది నవ్వే సంగతి.

సాయంత్రం ఆయన వచ్చి, మసి కడుక్కుని, మంచం మీద కూర్చుని చెయ్యి ఎత్తేవాడు. ఐదు వేళ్లు. ఆ తర్వాత నోటితో రెండు అక్షరాలు: "ఏ. ఆర్." పిల్ల గోడకు వీపు పెట్టి నిలబడి చెప్పాలి. ఐదక్షరాలుండి ఆ రెండూ ఉన్న మాటలన్నీ, ఆయన చెయ్యి దించేదాకా. నాలుగు వేళ్లు లేపితే నాలుగువి. రెండో చేతి బొటనవేలు కలిపితే ఆరువి. కొట్టేవాడు కాదు. ఒక్క దెబ్బ వేయలేదు. కొట్టి ఉంటే ఆ పిల్లకు ఏడవడానికి ఒక సాకైనా దొరికేది.

మరునాడు బెల్టుకు అవతల నుంచి రెండు చేతులూ తెరిచి మూసి, తెరిచి మూసి నాకు చూపించేవాడు. నిన్న బిడ్డకు ఎన్ని మాటలు వచ్చాయో అది లెక్క. నేను తల ఊపి రాళ్లు ఏరుకునేదాన్ని.

ఒక సాయంత్రం నేను అక్కడే ఉన్నాను. పిల్ల బడి నుంచి ఉరుక్కుంటూ వచ్చింది. వాళ్ల టీచరు కోతిని చూసి బల్ల కిందికి దూరిన సంగతి చెప్పాలి దానికి. "బాపూ, ఇయ్యాల మా బడిల ఏమైందంటే" అని మొదలుపెట్టింది. ఆయన దాని మూతి వైపు కాసేపు చూసి ఐదు వేళ్లు ఎత్తాడు. పిల్ల కోతి సంగతి మింగేసి గోడకు వీపు పెట్టుకుంది. తర్వాత నేను అడిగితే వంటింట్లో నాకు చెప్పింది, కానీ అప్పటికి ఆ ఉరుకు పోయింది. ఏదో పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది.

వాళ్లమ్మ ఇప్పటికీ ఒకటే అంటుంది, ఆయనకు వినపడేది కాదు కదా అని. నిజమే. గోడలు నిండేనాటికి ప్లాంటు ఆయన చెవులు తీసుకుంది. విడి మాట అయితే పెదవులు చూసి పట్టుకునేవాడు, ఏది వస్తుందో ముందే తెలుసు కాబట్టి. పొడుగు మాట, కథ, ఫిర్యాదు, గారాబం ఆయనకు అందేవి కావు. జాలి పడమంటారు. నేను పడను. నా కుడి చెవి కూడా అక్కడే పోయింది. ఎడమది సగమే. అయినా నా పిల్లలు చెప్పేది మళ్లీ చెప్పించుకుని, విసుక్కుంటే తిట్టి, ఇంకోసారి చెప్పించుకుని విన్నాను. చెవులు పోవడం వేరు, అడగకపోవడం వేరు.

పిల్ల ఇంటర్ అయ్యాక ఒక నర్సింగ్ బడికి రాసింది. రాత పరీక్షలో మంచి మార్కులు. ఇచ్చిన నాలుగు మాటల్లో సరైనదానికి గీత పెట్టడమే కదా, అందులో దానికి తిరుగు లేదు. తర్వాత ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడించే పరీక్షకు పిలిచారు. ఆ బడిలో సీటొస్తే అక్కడే ఉండి చదువుకోవచ్చు. ఆ పిల్లకు కావలసింది అదే. ఆ గోడలు లేనిచోటు. వెళ్లేముందు నాతో చెప్పుకుంది, "అత్తమ్మా, ఇదొక్కటి అయితె చాలు, నేను మల్ల రాను" అని.

వదినెకు, అంటే ఆయన భార్యకు, మోకాళ్ల నొప్పులు. ఆడపిల్ల వెంట ఆడమనిషి ఉండాలని ఆయన నన్ను తీసుకెళ్లాడు. సగం రోజు బస్సు. దారి పొడుగునా వేళ్లు ఎత్తుతూనే ఉన్నాడు. పిల్ల కిటికీకి తల ఆనించి జవాబులు చెప్తూనే ఉంది.

పరీక్ష గదికి వరండా వైపు కిటికీ ఉంది, సగం తెర కట్టి ఉంది. లోపల ఇద్దరు మేడములు, ఒక ముసలి సారు. నేను కిటికీ కింద బల్ల మీద కూర్చుని తెర అంచులోంచి చూస్తున్నాను. ఆయన కూర్చోలేదు. ఊచలు పట్టుకుని బిడ్డ పెదవులే చూస్తున్నాడు. ఆయనకు వినపడదు. నా ఎడమ చెవికి వినపడింది.

పెద్ద మేడం మంచి మనిషిలాగే ఉంది. నిదానంగా, నవ్వు మొహంతో ఇంగ్లీషులో ఏదో అడిగింది. అందులో హౌస్ అన్న ఒక్క మాట నాకు తెలిసింది. ముందు గది గోడ మీద దాన్ని చూపించి, ఇది హౌస్ అని ఆయనే చెప్పాడు ఒకసారి. మీ ఇంటి గురించి చెప్పమ్మా అని అడిగిందట. పిల్ల నోరు తెరిచింది. ఏమీ రాలేదు. మేడం మళ్లీ అడిగింది. పిల్ల కళ్లు పైకి వెళ్లాయి. ఆ చూపు నాకు తెలుసు. అది గోడ చదివే చూపు.

"వాటర్. బ్రెడ్. హార్ట్. ఎర్త్. ట్రైన్. చైర్."

ఊపిరి తీసుకోకుండా, ఒకదాని వెనుక ఒకటి. ఇంటి గురించి అడిగారు, ఇంట్లో ఉన్నదే చెప్పింది.

చిన్న మేడం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ముసలి సారు కాగితాలలోకి తల దించుకున్నాడు కానీ భుజాలు కదులుతున్నాయి. పెద్ద మేడం మాత్రం నవ్వలేదు. చాలమ్మా, చాలు, ఇక ఆపు అని తెలుగులో అంది. పిల్ల ఆపలేదు. ఎదుటివాళ్లు చెయ్యి దించేదాకా చెప్పడమే దానికి తెలుసు. అక్కడ ఎవరూ చెయ్యి ఎత్తలేదు, ఇక దించేది ఎవరు.

కిటికీ దగ్గర ఆయన నా భుజం తట్టాడు. నా జన్మలో ఆయన మొహం అంత వెలగడం చూడలేదు.

"సూడు చెల్లె, ఒక్కకాడ ఆగుతలేదు. సార్లు గూడ ఖుషీ అయితుండ్రు."

నేనేం అన్నా ఆయనకు వినపడేది కాదు.

బయటికి వచ్చిన పిల్ల ఏడవలేదు. నల్లా కింద మొహం కడుక్కుంది. రోడ్డు మీద బస్సు కోసం నిలబడ్డాం. పొద్దుటి నుంచి ముగ్గురం ఏమీ తినలేదు. పిల్ల వాళ్ల బాపు ఎదురుగా వచ్చి నిలబడి, పెదవులు బాగా కనబడేట్టు, నిదానంగా చెప్పింది.

"బాపూ. ఆకలైతుంది."

ఆయనకు అందింది. అందినట్టు తల ఊపాడు. తర్వాత ఒక చెయ్యి మొత్తం ఎత్తి, దాని పక్కన రెండో చేతి బొటనవేలు ఎత్తాడు. ఆకలికి ఇంగ్లీషులో ఆరక్షరాలు.

పిల్ల ఆ చేతుల వైపు చూసింది. జవాబు చెప్పలేదు. మరిచిపోయిందనుకున్నాడేమో, మొదటి అక్షరం అందించాడు. చెప్పలేదు. నేను రోడ్డు దాటి అరటిపండ్లు తెచ్చి ఇస్తే రెండు తింది. బస్సు వచ్చేదాకా ఆయన చేతులు అట్లాగే ఎత్తి ఉన్నాయి. జనం చూసుకుంటూ వెళ్లారు. ఆ రోజు నుంచి ఆయన వేళ్లకు ఆ పిల్ల మళ్లీ జవాబు ఇవ్వలేదు.

సీటు రాలేదు. ఆరక్షరాల సరుకు తక్కువ పడిందన్నాడు ఆయన. నేను చాయ్ దగ్గర మొహం మీదే చెప్పాను, ఒక్కొక్క ముక్క విడగొట్టి, పెదవులు కనబడేట్టు: "నీ బిడ్డను చూసి నవ్విండ్రు అన్నా." ఆయన గ్లాసు కింద పెట్టాడు. "అవు. నవ్విండ్రు. నేను సూసిన గద" అన్నాడు సంతోషంగా. నేను ఇక ఆ సంగతి ఎత్తలేదు. రాయి అయితే ఏరి పక్కన పడేయొచ్చు.

కొన్నాళ్లకు ఒకరోజు ఆయన డ్యూటీలో ఉండగా పిల్ల ఒక్కతే బకెట్టు సున్నం కలిపి మూడు గదులకూ కొట్టేసింది. తలుపులు గుడ్డతో తుడిచింది. ఆయన వచ్చి గడపలో నిలబడ్డాడట. అరవలేదట. సుద్దముక్క తీసుకుని ముందు గది గోడ మీద మళ్లీ మొదలుపెట్టబోయాడట. తడి సున్నం మీద సుద్ద పట్టలేదు. ఆరేదాకా మంచం మీద కూర్చున్నాడట. ఇది వదినె నాకు చెప్పింది. ఆరోజు ఆమె చమత్కారం ఏమీ చేయలేదు.

పిల్ల మంచిర్యాలలో బట్టల దుకాణంలో పనికి కుదిరింది. అక్కడే పరిచయమైన ఆటో నడిపే పిల్లగాడిని పెండ్లి చేసుకుని లక్సెట్టిపేటలో ఉంటోంది. ఆ దుకాణానికి ఒకసారి పోయి చూశాను. తెలుగోళ్లతో తెలుగు, తురకోళ్లతో ఉర్దూ, చంద్రాపూర్ నుంచి వచ్చిన వాళ్లతో అమ్మ నేర్పిన మరాఠీ. చీర మడత విప్పుతూ అందరినీ మాటల్లో పెట్టేస్తుంది. నన్ను చూసి నవ్వి, "అత్తమ్మా, గీ రంగు నీకు జర ముదురైతది, నీ తెలుపుకు గిది దీస్కో" అంది. నేను నల్లగా ఉంటాను. పక్కనున్న వాళ్లంతా నవ్వారు. ఇంటికి, వాళ్లమ్మను చూడడానికి, ఆయన డ్యూటీలో ఉన్నప్పుడే వచ్చేది.

ఆయన రిటైరయ్యాక ఇంటి ముందు కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. దారినపోయే వాళ్లకు వేళ్లు ఎత్తేవాడు. వాళ్లు ఏదో ఒక ఇంగ్లీషు ముక్క చెప్పి దండం పెట్టి వెళ్లేవారు. అట్లా అట్లా చర్చిలో ఆయనకు ఇంగ్లీషు పండితుడని పేరొచ్చింది. పాస్టరు అయ్యగారు అలసిన రోజున ప్రార్థనలో ఒక ఇంగ్లీషు మాట పలకమని ఈయనను నిలబెట్టేవారు. ఈయన ఒకటి అడిగితే ఇరవై చెప్పేవాడు. జనం ఆమెన్ అనేవారు.

ఛాతీలో దుమ్ము నిండి చనిపోయాడు. జ్ఞాపకార్థం కూడిక పెట్టి, వరసగా లేచి సాక్ష్యం చెప్పమన్నారు. తనతో పనిచేసిన ఒకాయన, ఇంత చదువు మా బాయిలోళ్లలో ఎవరికీ లేదన్నాడు. ఇంకొకాయన, బిడ్డ కోసం గోడలు నింపిన తండ్రి అన్నాడు. ఆడవాళ్లు కళ్లొత్తుకున్నారు. పాస్టరు నన్ను చూస్తే, నాకు సాక్ష్యం లేదయ్యా అని కూర్చున్నచోటి నుంచే చెప్పాను. బిడ్డను పిలిస్తే ఆమె లేచి నిలబడింది. అందరి మొహాలూ చూసింది. మళ్లీ కూర్చుంది. దుఃఖంతో నోట మాట రావట్లేదని పాస్టరు అందరికీ వివరించి పాట ఎత్తుకున్నారు.

భోజనాలయ్యాక ఆమె నా పక్కన వచ్చి కూర్చుంది. చేతిలో పళ్లెం అట్లాగే ఉంది.

"అత్తమ్మా, నువ్వు బాపు తోని అన్నేండ్లు పనిజేసినవ్. నా గురించి నీతోని ఎన్నడన్న ఏమన్న అన్నడా? ఎన్ని మాటలు వచ్చినయో గది గాదు. నా గురించి."

నేను వెతికాను. నిజంగా వెతికాను. ఏ అక్షరం దగ్గర తడబడేదో చెప్పాడు. ఏ సైజులో వెనకబడిందో చెప్పాడు. దానికి జ్వరమొచ్చిందని గానీ, దానికి ఏ కూర ఇష్టమని గానీ, అది ఇట్లా నవ్వుతుందని గానీ చాయ్ దగ్గర ఒక్కనాడూ అనలేదు. ఆ కిటికీ దగ్గర ఆయన మొహం ఉంది. కానీ అది ఆమె గురించి కాదు, గోడ గురించి. ఏదో ఒకటి కల్పించి చెప్పొచ్చు. ఆ పూట అక్కడ అందరూ చేసిన పని అదే.

"లేదు బిడ్డా. అనలే."

ఆమె పళ్లెంలో అన్నం వేలితో ఒకవైపు తోసింది.

"అమ్మనేమో, బాపుకు నువ్వంటె పానం అంటది. ఎప్పుడన్నడే అంటె చెప్తలేదు. నువ్వొక్కదానివి లేదన్నవ్." పళ్లెం కింద పెట్టి, "మంచిదే" అంది.

నేను ఆమెను రోడ్డు దాకా సాగనంపాను. బస్టాపులో ఉండగా ఫోన్ మోగింది. కొడుకు. ఏడేళ్లవాడు. తిన్నవా అని అడిగింది. ఏం కూర అని అడిగింది. కారమైందా, ఎవ్వరు కలిపి పెట్టిండ్రు, బడిల ఏమైంది అని అడిగింది. ఆ తర్వాత మాట్లాడడం మానేసి వింటూ నిలబడింది. అవతల వాడు ఏదో పెద్ద కథే ఎత్తుకున్నట్టున్నాడు. మధ్య మధ్య ఆమె, అయితే? ఆ తర్వాత? అంటోంది.

లక్సెట్టిపేట బస్సు వచ్చింది. ఆగింది. పోయింది. ఆమె ఎక్కలేదు. ఇంకా వింటూనే ఉంది.